తరుగు

బెళుగుప్ప దాటినాక రోడ్డుకు ఎడమ పక్క
రేకుల షెడ్డు మాది.
నూటెనభై మంది రైతులు, ఒక బ్యాంకు అప్పు,
లెక్కలు రాసేది నేను.

గుట్ట మీది గాలిమరలు మావి కావు.
వాటి కరెంటు మా నెత్తి మీదుగానే పోతుంది
మా ఊరిని పలకరించకుండా.
ఆషాఢం గాలి విరగబడి వీచే రాత్రుల్లో మాత్రం
తీగలు మోయలేవని పైనుంచి ఫోనొస్తుంది,
రెక్కలు ఆపమంటారు.
ఆ ఆపబోయే గాలిని మేం కొంటాం
యూనిట్టు రూపాయిన్నరకు,
సంత ముగిశాక మిగిలిన టమాటాలు కొన్నట్టు.

నీళ్లను చీల్చి ఒకటి తీస్తాం,
గాలిని వడకట్టి ఇంకొకటి.
ఉక్కు కడుపులో రెండిట్నీ కాచి, నొక్కి, సతాయిస్తే
చివర్న కళ్లు మండించే ఆ ఘాటు.

నాకది కొత్త వాసన కాదు.
మా నాయన కళాయి పూసేవాడు.
కాలిన గంగాళంలో నవాసాగరం చల్లితే
తెల్లగా పొగ లేచేది.
తిత్తి ఊదుతూ నేను ముక్కు మూసుకుంటే
"పొగకు కాదు పీరమ్మా,
బొగ్గుల ఖర్చుకు ఏడవాల" అనేవాడు.

నీళ్లెన్ని తాగుతుందని ఊరంతా అడిగింది.
రెండు ఎనుములు తాగినన్ని.
తిండి ఏమిటని ఎవరూ అడగలేదు.
అది వడ్డీ తింటుంది.
నడిచినా తింటుంది, నిలబడినా తింటుంది.
గాలి పనిచేసేది ఎనిమిది గంటలు,
వడ్డీ ఇరవై నాలుగు.
మా కంప్రెసరు పెద్ద ఫ్యాక్టరీదాంట్లో వందో వంతు,
ధర వందో వంతు కాదు.
పిల్లోడి చొక్కాకైనా దర్జీ కూలి తగ్గిస్తాడా?

"ఎద్దును గంటకోసారి కాడి విప్పి కడితే
దున్నేదెప్పుడక్కా?" అంటాడు వన్నూరప్ప.
ఆపిన ప్రతిసారీ ఆ కడుపు చల్లారుతుంది,
మళ్లీ కాగేదాకా
కొన్న గాలి కొన్నవాళ్లనే తింటుంది.

నిరుడు కిలో నూట పద్దెనిమిది పడింది.
అందులో కరెంటు పద్దెనిమిదే.
గాలి చవక. ఇనుము ఖరీదు.

సొసైటీలో యూరియా మూట రెండొందల అరవై ఆరు.
అది అబద్ధపు ధర కాదు,
సగం చెప్పిన ధర. మిగతా సగం
ఢిల్లీలో ఎవరి పద్దులోనో ఉంటుంది.
ఆ మూట కోసం చెప్పులు వరసలో పెట్టి
సుంకులమ్మ మూడు రోజులు కూర్చుంది,
మొక్కజొన్న పసుపుబారింది.
ఆ చెప్పుల కూలి ఏ పద్దులో రాయాలో
బ్యాంకు మేనేజరు చెప్పలేదు.

మొన్న చేలో చెనక్కాయ మొక్క పీకి చూశాను.
వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు,
గోటితో చిదిమితే లోపల ఎర్రన.
మేం చేసేదే అవీ చేస్తున్నాయి,
మంట లేదు, మీటరు లేదు, వాయిదా లేదు.
ఉచితమనుకుని కాసేపు కుళ్లుకున్నాను.
కాదంట. ఆకు వండిన తీపిలో
వాటా కొలిచి పోస్తేనే పని.
మన్నులో కూడా
ఎవరూ ఊరికే చెయ్యరు.

యంత్రం కింద తరుగు రాయమన్నాడు ఆడిటరు.
ఆయన నేర్పక్కర్లేని మాట అది.
మండీలో క్వింటాలుకు మూడు కిలోలు
తరుగని తీసేసేవాడు దళారి.
గంగాళానికి పూసిన కళాయి కూడా
ఏడాదికంతా తరిగిపోయేది,
తరిగితేనే నాయనకు మళ్లీ పిలుపు.

షెడ్డు పైకప్పుకు ఎండ పలకలు పరిచాక
ఇంకో నాలుగు గంటలు నడుస్తోంది.
ఈ ఏడు నూట నాలుగు.
ఎర్ర సిరాయే. కొంచెం తక్కువ పట్టింది.

రాత్రి పదకొండు నలభై.
ఫోను మోగింది. గుట్ట మీద గాలి ఎక్కువైందట.
వన్నూరప్ప లేచి లుంగీ బిగించాడు.
నేను మీటరు దగ్గరికి టార్చి పట్టుకుపోయి
అంకె రాసుకున్నాను.